ముద్దుపేరు ఇంటికి సరే, రిజిస్టరుకో?

మార్గశిర లక్ష్మివారాల్లో విశాఖ వన్ టౌన్‌లోని బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి పల్లెల నుంచి కూడా జనం వస్తారు. ఆ రద్దీలో ఒక తల్లి "బుజ్జీ" అని కేక వేస్తే నలుగురు పిల్లలు వెనక్కి తిరిగి చూడడం కద్దు. బుజ్జి, నాని, చిన్న, పండు... పిలుపు ముద్దుగానే వుంటుంది. కాని ఆ పిలుపుపేరునే బారసాలనాడు బియ్యంలో రాసి, జనన రిజిస్టరులో కూడా ఎక్కించవచ్చునా అన్నదే ఇళ్లలో వాదనకు వస్తున్న సంగతి.

పెద్దలకు ఇది రుచించదు. సింహాచలం, అప్పలస్వామి, అప్పలరాజు వంటి పేర్లలో ఇలవేల్పూ వుంటాడు, తాతా వుంటాడు. అవి పోతే వంశంలో ఒక ఆనవాలు పోయినట్లేనని వారి బాధ. కుర్రవాళ్ల జవాబూ తీసిపారేయవలసింది కాదు. సింహాచలేశుడి పూర్తి పేరు వరాహ లక్ష్మీనరసింహస్వామి. జనం నోట ఆయన మూడక్షరాల అప్పన్నే కదా, మనవడికి రెండక్షరాలు చాలవా అని వారు అడుగుతారు.

పేరు చిన్నదైతే మనిషి చిన్నవాడైపోడు. వీణ చిట్టిబాబు ఆ ముద్దుపేరుతోనే లోకానికంతటికీ తెలిశారు. అది నిజమే.

అయితే విశాఖవాసులు గుర్తుంచుకోదగిన ఉదాహరణలు వేరే వున్నాయి. 1910లో ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యారు. ఇక్కడే వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయ్యారు. వారికి నిండు పేరు వుంది గనుక అందులోంచి నచ్చిన ముక్క తీసుకున్నారు. పంచెను చింపి తుండుగుడ్డ చేసుకోవచ్చు. తుండుగుడ్డను సాగదీసి పంచె చేయలేం.

పూర్వం ఈ పొరపాటు దానంతటదే సర్దుకునేది. ఇంట్లో ఏమని పిలిచినా, బడిలో వేసేనాడు మాస్టారు ఒక నిండు పేరు రాసేవారు. ఇప్పుడు ఆ వీలు తగ్గింది. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి రిజిస్ట్రేషన్, సర్కారు కొలువు వరకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఏ పేరు పడితే ఆ పేరే వెంట నడుస్తుంది. అందులో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్టులో మరొకటి వుంటే, రెండూ ఒకడేనని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగవలసింది ఆ పిల్లవాడే.

తొందరపడవలసిన అవసరమూ లేదు. పుట్టిన 21 రోజుల్లో పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో జననం నమోదు చేయించాలి. ఆ సమయానికి పేరు నిశ్చయం కాకపోయినా ఇబ్బంది లేదు. ఏడాదిలోగా పేరు చేర్పిస్తే రుసుము వుండదు. ఆ తర్వాతైతే రుసుముతో, 15 ఏళ్ల వరకు గడువు వుంది. ఒకసారి పడ్డ పేరులో అక్షరదోషమైతే దిద్దించుకోవచ్చు గాని, మనసు మారిందని పేరే మార్చమంటే పని అంత తేలిక కాదు.

కనుక తల్లిదండ్రులు ఒక చిన్న పరీక్ష చేసి చూడాలి. అనుకున్న పేరుకు ముందు ఇంటిపేరు, వెనుక "గారు" చేర్చి, అరవై ఏళ్ల పెద్దమనిషిని పిలిచినట్టు పైకి పిలవాలి. చెవికి ఇంపుగా వుంటే, పొట్టిదైనా నిస్సందేహంగా రాయించవచ్చు. నవ్వొస్తే మాత్రం అది ఇంటి గుమ్మం లోపలే వుండవలసిన పేరు. రిజిస్టరులో తాత పేరు, అమ్మ నోట బుజ్జి అని పెట్టుకుంటే ముసలాయన కోరికా తీరుతుంది, ముద్దూ తీరుతుంది. పెద్దయ్యాక ఏ పేరుతో పేరు తెచ్చుకోవాలో ఆ పిల్లవాడే తేల్చుకుంటాడు.