కేస్ షీట్‌లో రాయని సంగతి

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి క్యాజువాలిటీకి ఒకాయన్ని మోసుకొచ్చారు. ఒంటినిండా సారా వాసన. నోటికొచ్చినట్టు తిడుతున్నాడు, చెయ్యి పట్టుకోనివ్వడం లేదు. "తాగి పడ్డాడు, మత్తు దిగాక చూద్దాం" అనేశాను. సిస్టర్ మాత్రం వేలు గుచ్చి చూసింది. షుగర్ 34. డెక్స్‌ట్రోజ్ ఎక్కిన కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, "మా అమ్మాయి వచ్చిందా సారూ?" అని మెల్లగా అడిగాడు.

తాగినవాళ్లకు షుగర్ పడిపోవచ్చని నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. నాకు తెలియనిది నా చిరాకు సంగతే.

రోటర్‌డ్యామ్ పరిశోధకులు యువ వైద్యులకు కేసులు రాసిచ్చి చూశారు. జబ్బు ఒకటే, ఒక కథనంలో రోగి నెమ్మదస్తుడు, మరోదాంట్లో గొడవపడే మనిషి. గొడవపడే రోగి విషయంలోనే నిర్ధారణలు ఎక్కువ తప్పాయి. తర్వాత అడిగితే ఆ వైద్యులకు అతని ప్రవర్తన బాగా గుర్తుంది, లక్షణాలు అంతగా గుర్తులేవు. అభిమానమూ ఇలాగే అడ్డుపడుతుంది. నచ్చిన మనిషికి క్యాన్సర్ ఉండొచ్చన్న ఆలోచనే రానివ్వదు.

2019 నుంచి మన ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ పేరుతో వైద్య నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పుతున్నారు. చాలా మంచి పని. దానికి తోడు వార్డులో కేసు చెప్పిన ప్రతి విద్యార్థినీ "ఈ పేషెంటును చూస్తే నీకేమనిపించింది?" అని అడగాలి. మార్కులు వెయ్యకూడదు. ముందు ప్రొఫెసరే తన అనుభవం చెప్పాలి, అప్పుడే పిల్లలు నోరు విప్పుతారు.

ఈ సంచిక ఆ ప్రశ్న కోసమే. డాక్టర్లతో పాటు సిస్టర్లనూ రాయమని అడిగాం.