పెరటిలోని పాలవ్యాపారము

జహీరాబాదులోని మా యింటి పెరట చిక్కుడుపాదునకు గతమాసమున పేనుబంక పట్టినది. లేతకొనలు నల్లబడి, ఆకులు ముడుచుకొనిపోయినవి. ఆ మందనడుమ, నల్లని మేనిపై నారింజరంగు మచ్చలుగల మొరటు పురుగు లైదాఱు తిరుగుచుండెను. పాదును తినివేయుచున్నవి యివియే యని నిశ్చయించుకొని, మందు పిచికారీకై లేచితిమి. సెలవులకు వచ్చిన మా మేనకోడలు, పదేండ్ల పిల్ల, ఫోను పట్టుకొని అడ్డువచ్చి, "ఆగు అత్తమ్మా! ముందుగాల ఫోటో తీస్త, తర్వాత చంపుదువు గాని" అనెను.

నిలుచుండి తీసిన ఛాయాచిత్రములలో చుక్కలు తప్ప మరేమియు కనబడలేదు. అప్పుడు మా ప్రాంతపు స్త్రీల మాట యొకటి జ్ఞప్తికి వచ్చినది. పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల దళిత రైతుస్త్రీలు, బడి యెఱుగని వారు సైతము, వీడియో కెమెరా పట్టుట నేర్చి, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా నేర్పడిరి. పైనుండి క్రిందికి చూచి తీసిన దానికి వారు పెట్టిన పేరు 'పటేలు షాట్'. కంటికి కన్ను సమముగా నుంచి తీసిన దానికి 'సంఘం షాట్'. పటేలు అందఱిని క్రిందికి చూచును. సంఘమున అందఱును సమానులే గదా!

ఈ సంగతి చెప్పగానే పిల్ల నేలపై మోకరిల్లి, పురుగు కంటికి తన కన్ను సమముచేసినది. ఇక చూడవలె! చీమ తన మీసములతో పేనుబంకను నిమురుచున్నది; అది విడిచిన తీపిబొట్టును త్రాగుచున్నది. మేము దోషిగా నెంచిన మొరటు పురుగో, ఆకు ముట్టక పేనుబంకనే నమలుచున్నది! పొరుగింటి రైతమ్మ ఆ చిత్రము చూచి నవ్వి, "ఇది అక్షింతల పురుగు పిల్లనే గద! దీన్ని సంపుతరా ఎవరన్న?" అనెను. ఎఱ్ఱని వీపుపై నల్లచుక్కలుగల ఆ ముద్దులపురుగునకు బాల్యమున రూపమిట్టిదని మే మెఱుగము. ఒక్కొక్క పిల్ల పురుగు పెరుగులోపల వందలకొలది పేనుబంకను ఆరగించునట!

పిచికారీ మాని కథకు పూనితిమి. ఆఱు చిత్రములు అచ్చువేయించి, కాగితపు బుడగలలో మాటలు వ్రాసి అంటించితిమి. మొదటిదానిలో చీమ పాలవ్యాపారి: "మా పాలలో నీళ్లు కలుపబడవు!" రెండవదానిలో పశువుల లెక్క. మూడవదానిలో మొరటు పురుగు: "ఆకలి దంచుచున్నది, ఒక్క ఆవు చాలును." నాలుగవదానిలో చీమ సాలెపురుగునొద్ద ఫిర్యాదు చేయగా, "మీవి ఆఱు కాళ్లు, మావి ఎనిమిది; ఈ కేసు మా స్టేషనుది కాదు" అని జవాబు. అయిదవదానిలో దొంగ మాయము. ఆకునకు కదలని గూడొకటి అంటుకొనియున్నది. ఆఱవదానిలో ఎఱ్ఱపట్టు కట్టిన పెద్దమనిషి వెలికివచ్చి, "దొంగయా? నేనెఱుగను. అక్షింతలు వేయుటకు వచ్చితిని!" అనును.

ఈ పనిలో మే మొక నియమము పెట్టుకొంటిమి: మాట కల్పింపవచ్చును, చేష్ట కల్పింపరాదు. కావుననే కథ ముగియుటకు రెండు వారములు పట్టినది. మన పత్రికకొఱకు పురుగు తొందరపడదు గదా! 1912లో రష్యాలో లాదిస్లాస్ స్తారెవిచ్ పురుగుల సంసారమును హాస్యచిత్రముగా తీసెను. బ్రదికిన పురుగులు దీపపుకాంతిలో చెప్పినట్లు ఆడనందున ఆయన చచ్చినవాటి కాళ్లకు తీగెలమర్చి ఆడించెను. మనకా శ్రమ వలదు. పెరటిలోని నటులు జీతములేకయే ఆడుచున్నారు.

మీరును చేయదలచినచో, పురుగులు చలికి మందముగా నుండు తెల్లవాఱుజామున పెరటిలోనికి పొండు. మీ నీడ వాటిపై పడనీయకుడు. పురుగును త్రుంచి తెచ్చి బల్లపై పెట్టకుడు. గొంగళిని ముట్టకుడు, దురద వేయును. బొమ్మలో కాళ్లు లెక్కించు పని పిల్లలకే విడువుడు.

పాదు పూర్తిగా కోలుకొన్నదని చెప్పజాలము. కొత్త కొనలు మాత్రము పచ్చగా వచ్చుచున్నవి. మందుడబ్బా మూత విప్పకయే అటకపై నున్నది. మేనకోడలు ఊరికి పోవుచు, "అత్తమ్మా, దొంగోళ్లను మంచిగ చూసుకో" అని అప్పగింతలు పెట్టి పోయినది.