మా తడికకూ హక్కుంది

మొన్న మా కోయగూడెంలో అమ్మ జ్వరంతో పడుకొని ఉంటే ఇద్దరు తడిక తోసుకొని లోపలికొచ్చిన్రు. "మీ వేల్పుల వల్లే ఈ రోగం, మా దేవుణ్ణి నమ్ముకో" అన్నరు. వారం తిరగకముందే ఇంకొకలు పటం పట్టుకొచ్చి "మీరు మా మతపోళ్లే, ఇది గోడకు పెట్టుకోండి" అన్నరు. జెండాలు వేరు, జబర్దస్తీ ఒక్కటే.

రాజ్యాంగం 25వ అధికరణ మతప్రచార హక్కు ఇచ్చింది, కాదనం. కానీ ఎదుటోళ్ల మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తేల్చింది. ఆ హక్కు బంగళాకే కాదు, మా తడికకూ ఉంది.

ఎవరు గుడికి పోయినా, చర్చికి పోయినా వాళ్ల ఇష్టం. మా ఇంటికొస్తే మాత్రం బయట నిలబడి పిలవండి, వద్దంటే మర్లిపోండి.

అన్నలారా, అక్కలారా! మొహమాటపడకండి. గడపకొచ్చినోళ్లకు మంచినీళ్లిద్దాం. మన వేల్పులను తిట్టే హక్కు మాత్రం ఇయ్యొద్దు. జోహార్!