ఎంత దూరం నడుస్తున్నారో అడగండి

గుడికి రమ్మంటే ‘మీరు వెళ్లి రండమ్మా, నాకు ఓపిక లేదు’ అంటారు. కూరగాయలకు వెళ్లడం మానేస్తారు. పెళ్లికి వచ్చినా కుర్చీ వెతుక్కుని అక్కడే ఉండిపోతారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇలా ఒక్కొక్కటీ వదిలేస్తుంటే, వయసు మీద పడిందనుకుని ఊరుకుంటాం. దగ్గర కూర్చుని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. వీధి చివరికి వెళ్లేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా లాగేస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి, తిమ్మిరెక్కుతాయి. కాసేపు ఎవరి అరుగు మీదో కూర్చుంటే పోతుంది. లేచి నడిస్తే మళ్లీ మొదలు. ఇది స్పైనల్ స్టెనోసిస్ లక్షణం కావచ్చు. అంటే వెన్నెముకలో నరాలు సాగే దారి ఇరుకైపోవడం.

వెన్నుపాము నడుం పూసల్లో మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి ఉండేది నరాల గుత్తి. ఏళ్లు గడిచేకొద్దీ పూసల మధ్య ఉండే డిస్కు ఎత్తు తగ్గి వెనక్కి ఉబ్బుతుంది. పూసల వెనక కీళ్లు అరిగి, వాటి అంచుల్లో ఎముక పెరుగుతుంది. పూసను పూసతో కలిపే లిగమెంటు మందమవుతుంది. మూడూ కలిసి నరాలకు చోటు లేకుండా చేస్తాయి. నాలుగు, ఐదు నడుం పూసల మధ్య ఈ ఇరుకు ఎక్కువగా వస్తుంది. డచ్ న్యూరోసర్జన్ హెంక్ వెర్‌బీస్ట్ 1954లో రాసిన వ్యాసంతో ఈ జబ్బు రూపురేఖలు వైద్యలోకానికి స్పష్టమయ్యాయి.

నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకా బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. రోగి చెప్పే వింతలన్నీ ఈ ఒక్క సంగతితో అర్థమవుతాయి. సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలి హాయిగా తిరిగిన మనిషి బిల్లు దగ్గర వరసలో నిలబడలేడు. సైకిల్ తొక్కగలడు, నడవలేడు. కొండ ఎక్కేటప్పుడు లేని బాధ దిగేటప్పుడు పట్టుకుంటుంది. ‘అక్కడ బాగానే ఉన్నావుగా, ఇక్కడేమైంది?’ అని ఇంట్లోవాళ్లు అనుమానంగా అడుగుతారు. ఆ మాట పెద్దవాళ్లను ఎంత గాయపరుస్తుందో చెప్పలేను. వాళ్లు నటించడం లేదు. వెన్ను వంపు మారితే నొప్పి మారుతుంది, అంతే.

కాళ్లకు రక్తం సరిగా అందకపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. అయితే అందులో వంగకుండా, కూర్చోకుండా, ఆగి నిలబడితే చాలు తగ్గుతుంది. పొగ తాగేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు పాదాల్లో నాడి చూపించుకోవాలి. షుగరు వల్ల వచ్చే అరికాళ్ల మంట వేరు. అది మంచం మీద పడుకున్నా వదలదు.

ఇక ఎంఆర్ఐ. రిపోర్టు చేతికొచ్చిన రోజు ఇల్లంతా గాభరా. అమెరికాలో ఏ నడుం నొప్పీ లేనివాళ్లకు ఎంఆర్ఐ తీసి, 1990లో ఫలితాలు ప్రచురించారు. అరవై దాటినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ ఇరుకు కనిపించింది. వాళ్లకు బాధే లేదు! ఫిల్ములో ఇరుకు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఆపరేషన్ కావాలనీ కాదు. మనిషి ఎంత దూరం నడవగలుగుతున్నాడు, ఎంతసేపు నిలబడగలుగుతున్నాడు అన్నది అడగకుండా ఫిల్ము చూసి తేదీ ఇచ్చే డాక్టరు దగ్గర ఆగి ఆలోచించండి.

చాలామందిలో ఈ జబ్బు పరుగున ముదరదు కాబట్టి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో చేయాల్సింది మంచం పట్టడం కాదు. పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకునే వ్యాయామాలు, పొట్ట కండరాలకు బలం, కదలని సైకిల్, మధ్య మధ్య కూర్చుంటూ నడక. చక్రాల వాకర్ పట్టుకుంటే కాస్త వంగి ఎక్కువ దూరం వెళ్లొచ్చు. నలుగురూ ఏమనుకుంటారోనని దాన్ని మూలన పెట్టకండి. వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద పెద్ద ఆశలు వద్దు. అమెరికాలో 400 మందిపై జరిపి 2014లో వెలువరించిన పరీక్షలో, స్టెరాయిడ్ కలిపినా, ఒట్టి మత్తుమందే ఇచ్చినా ఆరు వారాలకు తేడా దాదాపు లేదు.

కొన్ని నెలలు శ్రద్ధగా చేసినా నడక ఇంటి గుమ్మానికే పరిమితమైతే, గుండె, షుగరు సంగతి చూసుకున్నాక ఆపరేషన్‌కు వెనకాడకూడదని నా అభిప్రాయం. నరాల మీద ఒత్తిడి తీసేస్తే కాళ్ల బాధకు బాగా పనిచేస్తుంది, నడుం నొప్పికి అంతగా కాదు. ఇది ముందే తెలియాలి. రాడ్లు, స్క్రూలు కూడా వేస్తామంటే ఎందుకో అడగండి. స్వీడన్‌లో 247 మందిని పరిశీలించి 2016లో తేల్చిందేమంటే, ఒత్తిడి తీయడంతో పాటు పూసలు బిగించినందువల్ల రెండేళ్ల తర్వాత అదనపు మేలు కనబడలేదు. పూసలు బాగా కదిలిపోతున్నవాళ్ల సంగతి వేరు.

వ్యవధి లేని సందర్భాలూ ఉన్నాయి. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాళ్లు ఉన్నట్టుండి బలహీనపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇరుకు మెడలో ఉంటే నొప్పి లేకుండానే చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం మొదలవుతాయి. అక్కడ నలిగేది వెన్నుపామే కాబట్టి ఆలస్యం పనికిరాదు. మన నేల మీద వెన్నులో ఇరుకుకు వయసుతో పని లేని కారణం ఇంకొకటుంది, నీళ్లలోని ఫ్లోరైడ్. నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే ఫ్లోరోసిస్ నమోదైంది. నల్గొండ బాధ అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ బాగా ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే లిగమెంట్లు ఎముకగా మారి వెన్నుపామును నొక్కేయొచ్చు. ఆ ఊళ్లలో పెరిగినవాళ్లు కాళ్లు బిగుసుకుంటున్నాయంటే తాగిన నీళ్ల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఒక్కటి మాత్రం వైద్యుల చేతిలో లేదు. మన ఊళ్లలో పెద్దవాళ్లు దారిలో కూర్చోవడానికి చోటే లేదు. అరుగులు పోయి గేట్లు వచ్చాయి, ఉన్న కాస్త ఫుట్‌పాత్ మీద బళ్లు నిలిపేస్తున్నారు. ప్రతి వీధి మలుపులో ఒక బల్ల, పింఛను, రేషను, దర్శనం వరసల పక్కన కుర్చీలు వేయమని మున్సిపాలిటీలను, పంచాయతీలను, దేవాలయాలను గట్టిగా అడగాలి. రెండు వందల అడుగులకొకసారి కూర్చోగలిగితే బజారు దాకా వెళ్లి వచ్చే మనుషులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.