లోపలే చిక్కుకునే నైలాన్ తీగ

1971లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జార్జ్ బాలస్ అనే ఆసామి తన కారును యంత్రంతో కడిగించుకుంటున్నాడు. గిర్రున తిరిగే నైలాన్ కుంచెలు కారును మూలమూలలా తుడుస్తున్నాయి గాని, రంగు మీద ఒక్క గీటైనా పడడం లేదు. బాలస్ ఇంజనీరు కాడు. నృత్యశాలలు నడిపిన మనిషి. అయినా ఆ దృశ్యం ఆయన బుద్ధికి పని కల్పించింది. చెట్టు మొదట్లో పెరిగిన గడ్డిని ఇనుప బ్లేడుతో కోయబోతే బెరడు కూడా తెగుతుంది. మెత్తని తీగను వేగంగా తిప్పితే? మొక్కజొన్న పేలాల ఖాళీ డబ్బాకు రంధ్రాలు పొడిచి, వాటిలో గాలపు దారం దూర్చి, పచ్చిక అంచులు కోసే యంత్రానికి బ్లేడు స్థానంలో బిగించి తిప్పి చూశాడు. గడ్డి తెగింది. ‘వీడ్ ఈటర్’ అన్న పేరుతో ఆ డబ్బా ఒక పరిశ్రమగా ఎదిగింది. 1977లో దానిని ఎమర్సన్ ఎలక్ట్రిక్ సంస్థకు విక్రయించిన బాలస్ 2011లో కన్నుమూశాడు.

ఆ డబ్బా సంతతి నేడు మన పొలం గట్ల మీద, కొబ్బరి, మామిడి తోటలలో, పురపాలక ఉద్యానాలలో రొద చేస్తూ తిరుగుతున్నది. కొందరు దానిని బ్రష్ కట్టర్ అంటారు, కొందరు గడ్డి మిషను అంటారు. భుజాన తగిలించుకొని రోజు కూలికి పనిచేసే మనిషికి దానితో వచ్చే చిక్కు సాధారణంగా ఇంజనుది కాదు. తీగ ముందుకు రాదు. ఇంజను ఆపి, తల విప్పి, తీగ లాగి, మళ్లీ బిగించేసరికి పావుగంట పోతుంది. ఇది పూటకు నాలుగుసార్లు జరిగితే ఆ గంట కూలి ఎవరిస్తారు?

తల లోపల నేతగాళ్ల కండె వంటిది ఒకటి ఉంటుంది. దానికి చుట్టిన తీగ రెండు కొసలూ రెండు కన్నాల గుండా బయటికి వస్తాయి. అడుగున ఒక బొడిపె, లోపల ఒక స్ప్రింగు. యంత్రం తిరుగుతుండగా బొడిపెను నేలకు తట్టితే కండె క్షణకాలం పట్టు వదులుతుంది. బయట తిరుగుతున్న తీగ ఆ క్షణంలో లోపలి తీగను కొద్దిగా లాక్కుంటుంది. ఎక్కువైన తీగను కవచానికి ఉన్న చిన్న కత్తి తెంపివేస్తుంది. ఏర్పాటు ఇంతే.

ఇందులో గ్రహించవలసిన మర్మం ఒకటున్నది. లోపలి తీగను లాగేది నేలకు వేసిన తట్టు కాదు, బయటి తీగ బరువూ వేగమూను. ఆ తీగ అరిగి అరిగి బొటనవేలంత అయ్యేదాకా తట్టకుండా ఊరుకుంటే, ఆ తరువాత ఎంత తట్టినా లాగే సత్తా దానికి ఉండదు. తీగ కన్నం దగ్గరే తెగి కొస లోపలికి పోతే ఇక చెప్పనక్కరలేదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా తట్టినా ఇదే గతి. కనుక బయటి తీగ నాలుగు వేళ్ల పొడవైనా మిగిలి ఉండగానే, పూర్తి వేగంలో తట్టాలి. అదీ పచ్చిక మీద. సిమెంటు మీద కాదు. సిమెంటుకు బొడిపె అరుగుతుంది, అరిగిన బొడిపె కండెను పైకి నెట్టలేదు.

సరిగా తట్టినా రాకపోతే తప్పు చుట్టడంలో ఉన్నట్లు. కండె మీద బాణం గుర్తు ఉంటుంది. తీగను ఆ దిశగానే చుట్టాలి. ఒక చుట్టు మీదుగా మరొకటి అడ్డం పడరాదు. వదులుగా చుట్టరాదు. వదులు చుట్లు యంత్రపు అదురుకు ఒకదానినొకటి రాసుకుంటాయి. ఆ రాపిడి వేడికి నైలాన్ కరిగి చుట్లు ఒకే ముద్దగా అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న భాగాన్ని గోటితో విడదీసి వాడబోవడం వృథా. కోసి పారవేయడమే మేలు. కండె నిండిందాకా తీగ కుక్కడం కూడా లోభమే. అంచుకు కాస్త లోపలే ఆపాలి. 2.4 మిల్లీమీటర్ల తీగకు చేసిన తలలో 3 మిల్లీమీటర్ల తీగ దూర్చితే అది కన్నంలోనే బిగుసుకుంటుంది. తల విప్పినప్పుడు లోపల చుట్టుకున్న గడ్డి పోచలనూ, ఎండిన మట్టినీ తుడవాలి. తీగ ఒరుసుకొని గాడి పడిన కన్నాన్ని మార్చాలి. ఈ పనులన్నిటికీ ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు టోపీ ఊడదీయడం తప్పనిసరి.

విసిగిపోయిన కొందరు నైలాన్‌కు బదులు ఇనుప తీగనో, మోటారు సైకిలు క్లచ్ వైరునో కడుతుంటారు. 40 సెంటీమీటర్ల వ్యాసంలో నిమిషానికి 7,000 చుట్లు తిరిగే తీగ కొన వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగాన తెగిన నైలాన్ ముక్క తగిలితే చర్మం చురుక్కుమంటుంది. తెగిన ఇనుప ముక్క తుపాకి గుండులా దూసుకుపోయి పక్క మడిలో కలుపు తీస్తున్న మనిషికి తగలవచ్చు. తయారీదారులు దీనిని నిషేధించింది అందుకే.

కొత్త తీగ కూడా పుటుక్కున తెగిపోతుంటే దోషం నిలవలో ఉండవచ్చు. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకునే పదార్థం. ఆ తేమ వల్లనే దానికి సాగే గుణం. వేసవి అంతా రేకుల షెడ్డులో వేలాడిన చుట్ట ఎండి పెళుసెక్కుతుంది. కండెకు చుట్టబోయే తీగను ముందు రోజు సాయంత్రం బకెట్టు నీళ్లలో వేసి ఉంచితే, తెల్లవారేసరికి వంచినా విరగనంత మెత్తబడుతుంది.