సీటుకు ధర కట్టి సేవ అడుగుతారా?

జూన్ వచ్చిందంటే ఎనికేపాడు నుంచి గన్నవరం దాకా హైవే పక్కన ఒకటే దృశ్యం. బస్సు దిగిన తండ్రి నెత్తిన ట్రంకుపెట్టె, తల్లి చేతిలో ఆవకాయ సీసా, మధ్యలో బైపీసీలో చేరడానికి వచ్చిన పిల్ల. ఇక రెండేళ్లు ఆ పిల్లకు ఆదివారం లేదు, పండగ లేదు. ర్యాంకు వస్తే టీవీ కెమెరా ముందు నిలబెడతారు. ‘కార్డియాలజిస్టునై పేదలకు సేవ చేస్తాను’ అంటుంది. రాకపోతే ఆ సంగతి ఏ కెమెరాకూ పట్టదు.

ఆ మాట విని నవ్వుకునే పెద్దమనుషులు మనలో చాలామంది. సేవా లేదు, వల్లకాడూ లేదు, అంతా డబ్బు కోసమే అంటారు. ఆ నవ్వులో మేం పాలు పంచుకోం. పదిహేడేళ్ల పిల్ల ఆ మాట అన్నప్పుడు అబద్ధం ఆడదు. ఆస్పత్రి బిల్లుకు అరెకరం అమ్ముకున్న ఇంటి నుంచి వచ్చిన పిల్లకు డాక్టరంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ కోరికకు పాలకులు ఎంత ధర కట్టారు?

బందరు వెళ్లి చూడండి. 2023లో మచిలీపట్నం, ఏలూరు, రాజమహేంద్రవరం, విజయనగరం, నంద్యాలల్లో ప్రభుత్వమే కొత్త మెడికల్ కాలేజీలు తెరిచింది. మంచిదే. కానీ 107, 108 జీవోలతో అందులో సీట్లను ముక్కలు చేసింది. సగం సీట్లకు ఏడాదికి 15 వేలు. 35 శాతం సీట్లకు 12 లక్షలు. మిగిలిన 15 శాతం ఎన్నారై కోటా, 20 లక్షలు. ఒకే బెంచీ, ఒకే పాఠం, కోసి నేర్చుకునే శవమూ ఒకటే. నాలుగున్నరేళ్ల చదువుకు లెక్క వేయండి. ఒకరికి 67,500 రూపాయలు, పక్కవాడికి 54 లక్షలు, వెనక కూర్చున్నవాడికి 90 లక్షలు! ప్రైవేటు యజమాని ఇలా చేస్తే దోపిడీ అంటాం. సర్కారే చేస్తే దాని పేరు సెల్ఫ్ ఫైనాన్స్!

ఎన్నికల్లో ఈ జీవోలను తప్పుపట్టినవాళ్లు 2024లో గద్దెనెక్కారు. 2025 సెప్టెంబరులో మరో 10 కాలేజీలను పీపీపీ పద్ధతిలో ఇవ్వడానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. జెండా మారింది, ధరల పట్టిక మారలేదు. 1980లో ప్రైవేటుగా పుట్టిన విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీని ప్రభుత్వం తన చేతికి తీసుకున్న కాలం ఒకటుంది. ఇప్పుడు బండి వెనక్కి నడుస్తోంది.

ఆ 54 లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? ఉద్యోగి పాఠకులకు చెప్పనక్కర్లేదు. జీపీఎఫ్ లోను, ఇంటి కాగితాలు, చివరకు ఆడపిల్ల పేరున దాచింది. అదీ చాలక ఉక్రెయిన్ దాకా పంపాం. 2022లో బాంబుల మధ్య నుంచి మన పిల్లలు ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చారు. ఇంత పెట్టి చదివినవాడు సూర్యారావుపేటలో బోర్డు కట్టిన రోజున వాడి బల్లకు అవతల రోగి కూర్చుంటాడు, ఇవతల అప్పు కూర్చుంటుంది.

ఆ అప్పు ఎవరి ఒంటిమీద తీరుతుందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడవచ్చు. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి 100 కాన్పుల్లో సుమారు 27 సిజేరియన్లు. ప్రైవేటులో 63. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో 81కి పైనే! ముహూర్తం చూసి కోయమనే అత్తమామలూ ఉన్నారు, నొప్పులకు భయపడే తల్లులూ ఉన్నారు, కాదనం. కానీ గోడకు ఇవతల 27, అవతల 63 అయితే, తేడా తల్లి కడుపులో ఉందా, బిల్లు పుస్తకంలో ఉందా?

ఇదే విజయవాడలో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ కాన్పులు చేశారు. ప్రసూతి గురించీ శిశుపోషణ గురించీ తెలుగులో పుస్తకం రాశారు. 1957లో విజయవాడ ఎంపీ అయ్యారు. గన్నవరం నుంచి అసెంబ్లీకి వెళ్లిన సుందరయ్యను ఈ నేల ఎరుగును. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి, పల్లెల్లో వైద్యం చేసే కుర్రాళ్లను తయారుచేశారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అదే జబ్బుకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని తర్వాత అమెరికాలో ఆయన బృందమే తయారుచేసింది. (ఆయన్ని మద్రాసులో చదివించడానికి మామగారు సాయపడ్డారు. నేటి మామగారు నర్సింగ్ హోమ్ కట్టిస్తున్నారు!) వీళ్లు దేవుళ్లేమీ కాదు. చదువు పూర్తయిన నాడు వాళ్ల నెత్తిన అరకోటి అప్పు లేదు.

డాక్టర్లు గాలి భోంచేసి బతకాలని మేం అనడంలేదు. ఎంబీబీఎస్, పీజీ అయ్యేసరికి ముప్ఫై ఏళ్లు దగ్గరపడతాయి. స్టైపెండ్ కోసం జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కాలి. రోగి పోతే బంధువుల చేతి దెబ్బలు తినాలి. కాంట్రాక్టరును సేవ చేయమని ఎవరూ అడగరు, డాక్టరునే అడుగుతారు. మంచి జీతం తీసుకుంటూ తృప్తిగా పనిచేసే సర్కారు డాక్టర్లు మన చుట్టూ ఉన్నారు. తృప్తికి జీతం ఏనాడూ అడ్డు కాలేదు.

అందుకే పాలకులను సూటిగా అడుగుతున్నాం. సర్కారు కాలేజీల్లో 12 లక్షల సీటు, 20 లక్షల సీటు ఎత్తేయండి. పది కాలేజీలనూ ప్రభుత్వ సొమ్ముతోనే కట్టండి, నడపండి. 15 వేలకు చదివిన ప్రతి డాక్టరునూ పల్లె ఆస్పత్రికి పంపండి, అయితే జీతం నెలనెలా ఇచ్చి, ఉండటానికి ఇల్లు, చేతికి మందులు ఇచ్చి పంపండి. విద్యార్థి సంఘాలు వచ్చే కౌన్సెలింగ్ లోపే ఈ మాట మంత్రుల ముఖం మీద అడగాలి. ఎందుకంటే ఈసారి జూన్‌లోనూ ఎనికేపాడు దగ్గర ట్రంకుపెట్టెలు దిగుతాయి.