ఆ ఇటుక పెట్టమన్నది నేనే

సిద్దిపేటలో ఇంటి కింద కారు పెట్టే జాగాను పనిషెడ్డు చేసుకున్న వడ్రంగులకు, మెకానిక్‌లకు, టైలర్లకు, మగ్గం అన్నలకు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు ఈ విజ్ఞప్తి. ఇంట్లోవాళ్ళు ముందు చదవండి. మూసిన షెడ్డులో బొగ్గులు పెట్టుకుంటే వచ్చే ఆపదలో లోపలున్న మనిషికి తన ప్రాణం మీదికి వచ్చిందని తెలియదు. తెలుసుకోగలిగేది షట్టర్ బయట ఉన్నవాళ్ళే.

మా వీధిలో ఒక వడ్రంగి ఉన్నాడు. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. మాఘంలో గృహప్రవేశాలు పెట్టుకున్నవాళ్ళ దర్వాజాలు ఒప్పుకున్నాడు, రాత్రిళ్ళు కూడా పని. డిసెంబర్‌లో ఒకనాడు మా గేటు దగ్గర ఆగి, "సార్, ఇగానికి చేతులు కొంకర్లు పోతున్నయ్, జిగురు సుత ఆరుత లేదు. తట్టల బొగ్గులు పెట్టుకుంటే ఏమన్న అయితదా?" అని అడిగాడు. "కట్టెలు పెట్టకు, పొగ కమ్ముతది. బొగ్గులైతే ఏం గాదు. షట్టర్ కింద ఒక ఇటుక పెట్టు, గాలి ఆడుతది" అన్నాను. పిల్లలకు ఏళ్ళ తరబడి కార్బన్ మోనాక్సైడ్ పాఠం చెప్పిన నోటితోనే ఆ మాట అన్నాను. ఇటుక కూడా మా ప్రహరీ పక్కన పడి ఉన్నదే తీసుకుపోయాడు.

నాలుగో రాత్రి సాయానికి కూర్చున్న కొడుకు వాంతి చేసుకున్నాడు. తండ్రికి తల పగిలిపోతోంది. ఇద్దరూ కలిసి మధ్యాహ్నం తిన్న కూరను తిట్టుకున్నారు. పదిన్నరకు భార్య ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆమె కిందికి దిగి షట్టర్ లేపేసరికి కొడుకు రంపపు పొట్టులో పడి ఉన్నాడు, తండ్రి గోడకు ఒరిగి ఏదో గొణుగుతున్నాడు. షట్టర్ కింద ఇటుక ఉంది. ఇటుక పక్కన సందులో గోనెసంచి కుక్కి ఉంది.

ఆ గోనెసంచి దగ్గరే నా తెలివి బయటపడింది. గాలి కోసం వదిలిన సందులోంచే చలి వస్తుంది. చలికి తాళలేకనే కదా నిప్పు పెట్టుకున్నది, మరి ఆ సందు మూయకుండా ఎవరుంటారు? అసలు మూయకపోయినా మూడంగుళాల ఇటుక ఏం చేస్తుంది? వేడిగాలి పైకెక్కి స్లాబు కింద నిలుస్తుంది. పైన పోయే దారి లేనప్పుడు కింద ఎన్ని ఇటుకలు పెట్టినా గదిలో గాలి సరిగ్గా మారదు.

ఇద్దరినీ బయటికి లాగాక పక్కింటాయన కరోనా నాటి ఆక్సిమీటర్ తెచ్చి వేలికి పెట్టాడు. 98 చూపించింది. "ఆక్సిజన్ మంచిగనే ఉంది వదినా, పండుకోబెట్టు" అన్నాడు. ఆమె వినలేదు, 108కు ఫోన్ చేసింది. ఆ మొండితనమే వాళ్ళిద్దరినీ దక్కించింది. వేలికి పెట్టే ఆ మామూలు పరికరానికి ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ, మోనాక్సైడ్ పట్టుకున్న రక్తానికీ తేడా తెలియదు, రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. మన ఊళ్ళో ఇంటికొకటి ఉందేమో ఆ పరికరం. ఈ ఒక్క విషయంలో దాన్ని నమ్మకండి.

పాఠం మళ్ళీ చెబుతాను, ఈసారి సరిగ్గా. బొగ్గు కాలితే పొగ రాదు కాబట్టి విషం లేదనుకుంటాం. కణకణలాడే నిప్పుల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఎర్రటి బొగ్గు మీదుగా పోతూ మోనాక్సైడ్‌గా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. బరువు ఇంచుమించు గాలి అంతే కాబట్టి గదంతా కలిసిపోతుంది. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పది వేల పాళ్ళ గాలిలో ఇది ఎనిమిది పాళ్ళుంటే ఆరోగ్యమైన మనిషికి ముప్పావు గంటలో తలనొప్పి, తల తిరగడం, వికారం. రెండు గంటల్లో స్పృహ పోతుంది, రెండు మూడు గంటల్లో ప్రాణం పోవచ్చు. పది వేలలో ఎనిమిది! ఈ లెక్క గోడ మీద బొగ్గుతోనే రాసుకోండి.

ఇది మన వీధికే వచ్చిన కష్టం అనుకోవద్దు. 2020 జనవరిలో నేపాల్‌లోని దమన్‌లో ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న కేరళవాళ్ళు ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, తెల్లారి లేవలేదు. 2024 డిసెంబర్‌లో జార్జియా దేశంలోని గుడౌరిలో పన్నెండు మంది నిద్రలోనే పోయారు, వాళ్ళలో పదకొండు మంది మన దేశస్థులు. అక్కడ కరెంటు పోయాక మూసిన చోట జనరేటర్ నడిపారు. గల్ఫ్‌కు పోయిన మన పిల్లలను అడగండి, గదుల్లో బొగ్గులు కాల్చొద్దని ప్రతి చలికాలం అక్కడి అధికారులు ఎందుకు మొత్తుకుంటారో చెబుతారు.

ఆ రాత్రి తర్వాత రెండు వీధులు తిరిగాను. షెడ్డు షెడ్డుకూ వెళ్ళి చెబితే టీ ఇచ్చారు, నవ్వారు, "మా తాతల నాటి నుంచి కుంపటి పెట్టుకుంటున్నం సార్" అన్నారు. మీ తాతలది పెంకుటిల్లు నాయనా. పెంకుల సందుల్లోంచి చుక్కలు కనబడేవి. మీది స్లాబు, పుట్టీ పెట్టిన గోడలు, రబ్బరు బిగించిన కిటికీ, కిందికి లాగిన షట్టర్. వాట్సాప్‌లో నేను పెట్టిన సంగతికి చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి. మరునాడు అదే వీధుల్లో రెండు తట్టలు రాజుకుంటూ కనిపించాయి. ఆ దండాలు నాకెందుకు?

మరి చలికి ఏం చేయాలి? ముందు ఒక మాట. మనది కాశ్మీరు కాదు. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో పది డిగ్రీల దిగువకు పోయినా, పొద్దెక్కేసరికి ఎండ మన వాకిట్లోనే ఉంటుంది. జిగురు పెట్టే పని, పాలిష్ పని పగటికి మార్చుకోండి. చేర్యాల బొమ్మలు వేసేవాళ్ళు బట్ట మీద పూత ఎండకే ఆరబెట్టుకుంటారు, మన దర్వాజాకు ఎండ చేదా? కాళ్ళ కింద సిమెంటు నేల మీద చెక్కపలకో మడతపెట్టిన గోనెసంచో వేసుకుంటే సగం చలి అక్కడే ఆగుతుంది. నెగడు కావాలంటే వాకిట్లో వేసుకోండి, చేతులు కాచుకుని లోపలికి రండి. నిప్పులు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. బూడిద కప్పిన నిప్పులైనా సరే.

రాత్రి పని తప్పదంటారా, కరెంటు హీటర్ ఒక్కటే దారి. అందులోనూ తీగలు ఎర్రగా కాలేది వద్దు, నూనె నింపిన రేడియేటర్ రకం తీసుకోండి. రెండు వేల వాట్లది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌కు, సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే చలి సంగతి దేవుడెరుగు, షెడ్డే అంటుకుంటుంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. పొట్టుకూ చెక్కకూ మూడడుగుల ఎడం ఉండాలి. థిన్నర్ డబ్బా తెరిచినప్పుడు ఏ హీటరూ వద్దు. మెకానిక్ తమ్ముళ్ళూ, పెట్రోలు ఆవిరి నేల వెంబడి పాకుతుంది. షట్టర్ దించి బండి స్టార్ట్ చేసి చూసే అలవాటు కూడా మానండి, సైలెన్సర్‌లోంచి వచ్చేదీ ఈ మోనాక్సైడే. గ్యాస్ హీటర్ ఊసే ఎత్తొద్దు. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పల్లంలో చేరుతుంది. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళకు ఇంతకంటే చెప్పాలా?

షెడ్డులో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే కూర మీద నెపం పెట్టకండి. షట్టర్ పూర్తిగా లేపి, మనుషుల్ని బయటికి లాగి, 108కు ఫోన్ చేయండి. "మూసిన గదిలో బొగ్గుల దగ్గర ఉన్నారు" అన్న మాట డాక్టరుకు మొదట చెప్పండి. ఆ మాట అందకపోతే వాంతుల మందు ఇచ్చి పంపించే ప్రమాదం ఉంది. మామూలు గాలిలో ఈ విషం సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో ఆక్సిజన్ పెడితే గంటన్నర లోపే.

కొడుకు తేరుకున్నాడు. తండ్రి పనిలోకి దిగాడు గానీ, ఏనాడూ కొలత కాగితం మీద రాసుకోని మనిషి ఇప్పుడు ఒకే కొలత మూడుసార్లు అడుగుతున్నాడు. ఇలా కొన్ని వారాల తర్వాత కూడా మరుపు రావచ్చునట, మెల్లగా తగ్గవచ్చునట. అతను నన్ను ఒక్క మాట అనలేదు. "మీరేం జేస్తరు సార్" అన్నాడు. ఏం చేయగలనో చేస్తున్నాను. నూనె రేడియేటర్ ఒకటి కొన్నాను. సంక్రాంతి లోపు రాత్రి పని తప్పనివాళ్ళు ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు, అద్దె లేదు. ఒక్కటే షరతు: ముందు మీ సాకెట్, వైరు చూస్తాను, మీ బొగ్గుల తట్ట నా చేతికి ఇవ్వాలి.